ఫ్రాజిలిస్ పట్టుబడింది, మైక్రో దారిన పడింది

పరీక్ష రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి "మైక్రోబయాలజీ ఎలా చదివావ్, ఎవరి నోట్స్" అని ఒకటే మెసేజ్‌లు. ర్యాంకు మంచిదే వచ్చింది, సంతోషంగానే ఉంది, దాచుకోవడం దేనికి. అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

అనేరోబ్స్, అంటే ఆక్సిజన్ లేనిచోట పెరిగే బ్యాక్టీరియా, అనగానే అందరూ స్పోర్ (గట్టి పెంకు బీజం) కట్టే క్లాస్ట్రిడియంల మీద పడతారు. స్పోర్ లేనివాటికి చివర్లో ఒక టేబుల్, అంతే. నిజానికి మన ఒంట్లో కాపురం ఉండేవి ఎక్కువగా అవే. వాటిలో బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ ఒక్కదాన్ని గట్టిగా పట్టుకున్నా.

టేబుల్ మీకు తెలిసిందే: గ్రామ్ నెగటివ్ రాడ్, ప్లియోమార్ఫిక్ (ఆకారం ఒకేలా ఉండదు), స్పోర్ లేదు, కదలిక లేదు, క్యాప్సూల్ (పై తొడుగు) ఉంది, 20 శాతం బైల్‌లో (పిత్తరసంలో) పెరుగుతుంది, వ్యాంకోమైసిన్, కనామైసిన్, కొలిస్టిన్ డిస్కులు మూడింటికీ రెసిస్టెంట్. బట్టీ పడితే రెండో రివిజన్‌కి సగం ఎగిరిపోతుంది. నాకు పట్టు దొరికింది మందుల దగ్గర.

ప్రశ్న ఇలా ఉంటుంది: పేగుకి చిల్లుపడ్డ కేసు. కడుపులో చీముగడ్డ, కంపు కొట్టే చీము. గ్రామ్ స్టెయిన్‌లో రాడ్స్ కనిపిస్తున్నాయి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదు. జెంటామైసిన్ ఇచ్చినా తగ్గలేదు, ఎందుకు? ఆప్షన్లలో బీటా లాక్టమేజ్, అంటే పెన్సిలిన్ లాంటి బీటా లాక్టమ్ మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్, ఊరిస్తూ కూర్చుంటుంది. ఆ ఎంజైమ్ దీనికి ఉన్న మాట నిజమే, పెన్సిలిన్ పనిచేయనిది అందుకే. కానీ జెంటామైసిన్ బీటా లాక్టమ్ కాదు కదా! అది కణంలోకి వెళ్లాలంటే ఆక్సిజన్‌తో నడిచే ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ ఉండాలి. ఇక్కడ అది లేదు, మందు గుమ్మం బయటే ఆగిపోతుంది. మెట్రోనిడజోల్‌ది దీనికి తలకిందులు. దాని నైట్రో గ్రూపుకి అనేరోబ్స్‌లో ఉండే ఫెరిడాక్సిన్ లాంటి ప్రోటీన్లు ఎలక్ట్రాన్లు అందిస్తేనే అది డీఎన్ఏని దెబ్బతీసే రూపంలోకి మారుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ని మధ్యలోనే లాగేసుకుంటుంది.

ఇది బుర్రకెక్కాక మిగతావి వాటంతటవే వచ్చాయి. ఉండేది పేగులో, బైల్‌కి జడవదు. అందుకే దీన్ని పెంచడానికి బీబీఈ (బ్యాక్టీరాయిడిస్ బైల్ ఎస్కులిన్) అగార్ మీడియం. ఎస్కులిన్ విడిపోయి, ఇనుముతో కలిసి, కాలనీ చుట్టూ మీడియం నల్లగా మారుతుంది. ల్యాబ్‌లో ఆ ప్లేటు ఒక్కసారి చూడండి, ఇక మర్చిపోరు. ఆ అగార్‌లో జెంటామైసిన్ కూడా కలుపుతారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

క్యాప్సూల్ సంగతి ఇంకా బాగుంటుంది. పేగు ఫ్లోరాలో ఫ్రాజిలిస్ వాటా చిన్నదే, కడుపులోని ఇన్ఫెక్షన్లలో దొరికే అనేరోబ్స్‌లో మాత్రం దీనిదే పైచేయి. క్యాప్సూల్ పాలిసాకరైడ్‌ని శుద్ధి చేసి ఎలుకలకి ఎక్కిస్తే, బతికున్న బ్యాక్టీరియా లేకుండానే చీముగడ్డ కట్టింది. ఎండోటాక్సిన్ మాత్రం బలహీనం.

ఒక్క బ్యాక్టీరియాకి ఇన్ని రోజులా అని నవ్విన ఫ్రెండ్స్ ఉన్నారు. నవ్వనీండి. రోజూ వందల ఎంసీక్యూలు కొట్టి స్క్రీన్‌షాట్లు పెట్టుకోవడం చదువు కాదు, తప్పయిన ప్రశ్న దగ్గర అరగంట కూర్చునే ఓపిక ఉండాలి. గొప్పలు అనుకుంటే అనుకోండి, స్కోరు నాది.

వైరాలజీ, పారాసైటాలజీ అందరిలాగే వీడియోలు స్పీడు పెంచి చూశా, చెప్పడానికేం లేదు.

అన్నట్టు, ల్యాబ్‌కి ఏ శాంపిల్ పంపాలనే ప్రశ్న. స్వాబ్ (దూది పుల్ల) అని ఆప్షన్ కనబడితే పెట్టేయకండి, గాలి తగిలితే వీటి పని అయిపోతుంది. సిరంజితో లాగిన చీము కావాలి. దగ్గితే వచ్చిన కఫం కూడా పనికిరాదు, నోట్లో ఉండే అనేరోబ్స్ అన్నీ అందులోకి వచ్చేస్తాయి.