రథసప్తమి: గొబ్బిపిడకలు, ఏడు జిల్లేడాకులు, చిక్కుడాకులో పరమాన్నం

రథసప్తమికి సరుకుల చీటీ రాద్దామని కూర్చుంటే రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. బియ్యం, పాలు, బెల్లం, నెయ్యి ఇంట్లో ఉండేవే. మిగతావి జిల్లేడాకులు, రేగుపళ్ళు, చిక్కుడుకాయలు, చిక్కుడాకులు, పిడకలు. డబ్బుతో అయ్యే పని తక్కువ, ముందుచూపుతో అయ్యే పని ఎక్కువ. ఈ పండగ అసలు మొదలయ్యేది ధనుర్మాసం ముగ్గుల్లోనే.

నెల పట్టిన దగ్గర్నుంచి వాకిట్లో పెట్టిన గొబ్బెమ్మలను సాయంత్రం తీసి, గుమ్మడిపువ్వు, గరిక ఏరేసి, గోడకు చిన్న చిన్న పిడకలుగా కొడతారు. భోగిమంటలో దండలుగా వేసినవి పోను, ఓ పది పిడకలు పక్కన పెట్టి రథసప్తమికి పాలు పొంగించడం మన వైపు పాత ఆనవాయితీ. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఆ రోజుల్లో మంచు బాగా కురుస్తుంది. గోడ మీద పిడక పైకి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల పచ్చిగా ఉంటుంది. నాలుగైదు రోజులకు ఊడదీసి తిరగేసి ఎండబెట్టాలి. విరిస్తే టక్కున విరగాలి. మధ్యలో ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే ఇంకా రెండు ఎండలు కావాలి. పచ్చి పిడక మండదు, పొగ పెడుతుంది, ఆ పొగ పాలల్లోకి దిగుతుంది. ఎండినవాటిని ప్లాస్టిక్ కవర్లో మూట కట్టొద్దు, చెమ్మ పడుతుంది. గోనెసంచిలో వేసి అటక మీద పడేస్తే చాలు. ఎంతకాలం దాచాలన్నది ఏటేటా మారుతుంది: 2026లో రథసప్తమి జనవరి 25న, ఆదివారం నాడే వచ్చింది, 2024లో ఫిబ్రవరి 16 దాకా ఆగాల్సి వచ్చింది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు భోగి ముందు బజార్లోకి వచ్చే పిడకల్లోంచే నాలుగు ఎక్కువ కొని ఉంచుకోవడం మేలు. పండగ దాటాక వెతికితే దొరకవు.

ఆ రోజు స్నానానికి చదివే శ్లోకాలు మూడు. అందరికీ నోటికి వచ్చేది మొదటిది:

యద్యజ్జన్మకృతం పాపం మయా సప్తసు జన్మసు |
తన్మే రోగం చ శోకం చ మాకరీ హంతు సప్తమీ ||

తర్వాతి రెండూ చాలామంది గబగబా చదివేసి చెంబు ఎత్తేస్తారు. అసలు లెక్క అక్కడే ఉంది.

ఏతజ్జన్మకృతం పాపం యచ్చ జన్మాంతరార్జితం |
మనోవాక్కాయజం యచ్చ జ్ఞాతాజ్ఞాతే చ యే పునః ||
ఇతి సప్తవిధం పాపం స్నానాన్మే సప్తసప్తికే |
సప్తవ్యాధిసమాయుక్తం హర మాకరి సప్తమి ||

ఈ జన్మలో చేసినది, వెనకటి జన్మల్లో మూటగట్టుకున్నది, మనసుతో చేసినది, మాటతో చేసినది, ఒంటితో చేసినది, తెలిసి చేసినది, తెలియక చేసినది. వేళ్ళ మీద లెక్కపెడితే సరిగ్గా ఏడు. ఒంటి మీద పెట్టుకునే ఆకులూ ఏడే. ఈ ఏడింటిలో మాటది ప్రత్యేకం. ఇంట్లో చెయ్యి చేసుకోవడం అరుదు, మాట జారడం మాత్రం రోజూ ఉండేదే. పనిమనిషిని విసుక్కున్నది, కోడలిని దెప్పింది, పిల్లాణ్ణి పక్కింటి పిల్లాడితో పోల్చింది ఎవరూ పాపం పద్దులో రాసుకోరు. అవన్నీ ఏడోదాంట్లో, తెలియక చేసినవాటిలో, చేరిపోతాయి. గోడకు రోజుకొకటి చొప్పున పిడకలు చేరినట్టే అవీ చేరతాయి. శ్లోకం ఆ పోగు మొత్తాన్ని ఒక్క పొద్దున తీసేయమని అడుగుతోంది. పుణ్యం ఇమ్మని అడగడం లేదు, రోగం, శోకం పోగొట్టమని అడుగుతోంది. ఇంటిల్లిపాదీ చదువుకోదగ్గ కోరిక.

స్నానం అరుణోదయంలో. అంటే సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు, గంటా ముప్పావుకు కాస్త తక్కువ. విజయవాడలో జనవరి చివర సూర్యోదయం 6:45 ప్రాంతంలో అవుతుంది కాబట్టి 5:10 తర్వాత మొదలుపెట్టవచ్చు. ఆ వేళకు సప్తమి తిథి ఉండాలి, ముందురోజే పంచాంగం చూసుకోవాలి.

జిల్లేడాకులు బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల మీద, రైలుకట్టల పక్కన కావలసినన్ని. కోసేటప్పుడే జాగ్రత్త కావాలి. తుంచిన చోట కారే పాలు కంట్లో పడితే ప్రమాదం, నల్లగుడ్డు దెబ్బతింటుంది. అందుకని తెల్లవారుజామున చీకట్లో కోసి అలాగే పిల్లల తల మీద పెట్టేయడం తగదు. ముందురోజు సాయంత్రమే కోసి, తొడిమలు కిందికి వచ్చేలా కాసేపు నిలబెట్టి, పాలు కారడం ఆగాక నీళ్ళతో కడిగి, తొడిమ చివర గుడ్డతో తుడిచి ఉంచాలి. కోసిన చేతులు సబ్బుతో కడిగేదాకా కళ్ళు నలుపుకోకూడదు. పొరపాటున పడితే ధారగా మంచినీళ్ళతో కడుగుతూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి; ఇంటి వైద్యం పనికిరాదు.

తల మీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ళ మీద రెండు, పాదాల మీద రెండు. ఒక్కో ఆకు మీద ఒక రేగుపండు, కాసిని అక్షతలు. పండు చిన్న నాటురేగు అయితే ఆకు గుంటలో కుదురుగా కూర్చుంటుంది. గంగరేగు కాయ పెడితే చెంబు ఎత్తకముందే దొర్లి మోరీలోకి పోతుంది. పీట మీద కూర్చుని, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, తల మీద నుంచి నెమ్మదిగా పోసుకుంటే ఆకులు వరసగా జారతాయి. పిల్లలకు ఏడు ఆకులూ నిలవవు. నాయనమ్మో అమ్మమ్మో తల మీది ఆకు ఒక్కటి చేత్తో పట్టుకుని నీళ్ళు పోస్తే చాలు. విజయవాడ దగ్గర కృష్ణలో, దుర్గా ఘాట్‌లోనో సీతానగరం వైపు రేవులోనో నదీస్నానం చేసేవాళ్ళు మునిగాక తమ ఆకులు తామే ఏరి గట్టు మీద వేస్తే బాగుంటుంది. వందల మంది ఆకులు మెట్ల మీద నాని, వెనక వచ్చేవాళ్ళ కాలు జారుతుంది.

ఈ పండగలో పూజగదికి పెద్దగా పని లేదు. దేవుడు సూర్యుడు, ఆయన బయట ఉన్నాడు, పూజా బయటే. తులసికోట ముందు ఎండ పడే చోట అలికి, రథం ముగ్గు వేసి, అక్కడే పాలు పొంగించి, అక్కడే నైవేద్యం పెట్టాలి. ఇల్లు ఉన్నవాళ్ళకు ఇది ఇబ్బంది కాదు. ఫ్లాట్లవాళ్ళకే చిక్కు. తూర్పు బాల్కనీ ఉంది కదా అని ధీమాగా ఉంటారు గానీ, జనవరి చివర సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. మన ఊళ్ళ దగ్గర దాదాపు 20 డిగ్రీలు దక్షిణానికి జరిగి, ఆగ్నేయం వైపుగా వస్తాడు. పక్క బిల్డింగు అటే ఉంటే ఎనిమిదింటి దాకా ఎండ పడదు. విజయవాడ మొగల్రాజపురం కొండకు పడమటి వైపు వీధులకూ అదే తంటా. రెండు రోజుల ముందు బాల్కనీలో నిలబడి ఎండ ఎక్కడ, ఎప్పుడు పడుతోందో చూసుకోవాలి. కుదరకపోతే డాబానే గతి: తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ముందురోజు రాత్రే తీసుకోవాలి, నీళ్ళ ట్యాంకు నీడ పడని మూల చూసుకోవాలి. డాబా గచ్చు మీద నేరుగా నిప్పు పెడితే పెచ్చు లేస్తుంది. రెండంగుళాల మందాన ఇసుక పోసి, మూడు ఇటుకలు పేర్చి, వాటి మధ్య పిడకలు పెట్టాలి. కుంపటి ఉంటే మరీ హాయి.

రథానికి పందిరి చిక్కుడు కాయలు, పొడుగ్గా బల్లపరుపుగా ఉన్నవి ఏడు. అప్పుడే కోసిన కాయ గుచ్చగానే నిలువునా చీలుతుంది. రాత్రి కోసి ఉంచితే కొంచెం వడిలి, చీలకుండా ఈనె దిగుతుంది. గుచ్చాల్సింది గింజకూ గింజకూ నడుమ. గింజ మీద గుచ్చితే ఈనె పక్కకు జారి కాయ అంచు విచ్చుకుంటుంది. కొబ్బరి ఈనెలు కొత్త చీపురులోవి కావాలి, ఇల్లు ఊడ్చిన చీపురువి కాదు. రెండు కాయలు పక్కపక్కన, నాలుగు వేళ్ళ ఎడంతో పెట్టి, అటూ ఇటూ రెండు ఈనెలు అడ్డంగా గుచ్చితే అడుగు తయారు. నాలుగు మూలలా నాలుగు ఈనెలు నిలువుగా గుచ్చి, పైన నిలువుకు రెండు కాయలు, అడ్డానికి రెండు కాయలు ఎక్కించాలి. ఏడో కాయ అడుగున నడుమ పడుకోబెడితే స్వామికి పీట. పైన ఈనెల కొసలు వంచి దారంతో ముడివేస్తే గోపురం. ఈ నాలుగు నిలువు ఈనెలు మాత్రం పచ్చివి కావాలి, ఎండువి పుటుక్కున విరుగుతాయి. చక్రాలు లేకపోయినా లోటేమీ లేదు. పీట మీద తమలపాకు, దాని మీద గంధంతో గుండ్రంగా సూర్యబింబం, నడుమ కుంకుమ బొట్టు. రథం కింద గుప్పెడు గోధుమలు, పైన ఎర్రమందారమో ఎర్రగన్నేరో.

ఇక పరమాన్నం. కొత్తబియ్యం గ్లాసుకు పాలు 5 గ్లాసులు, తురిమిన బెల్లం గ్లాసుంపావు, నెయ్యి మూడు చెంచాలు, యాలకులు నాలుగు. పాతబియ్యమైతే ఇంకో గ్లాసు పాలు పడతాయి. కొత్తబియ్యం త్వరగా ఉడికి జావకు దిగుతుంది కాబట్టి అరగంటకు మించి నానబెట్టొద్దు. గిన్నె ఇత్తడిదైతే లోపల కళాయి పూత ఉండాలి, పోసిన పాలకు రెట్టింపు పట్టేదిగా ఉండాలి. మసి పట్టకుండా గిన్నె బయట తడి బూడిద పూస్తే తర్వాత చెయ్యి పెట్టగానే వదులుతుంది.

పిడకలు రెండు ముక్కలు చేసి, గాలి ఆడేలా వదులుగా నిలబెట్టి, నడుమ నేతిలో తడిపిన ఒత్తి, కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించాలి. దగ్గరగా కుక్కితే పొగే తప్ప మంట రాదు. గిన్నె అడుగున పావుగ్లాసు నీళ్ళు పోసి, ఆ తర్వాత పాలు పోస్తే అడుగంటదు. ప్యాకెట్ పాలే గతైతే వెన్న తీయనివి చూసుకోవాలి. పాలు తూర్పుకు పొంగాలని అందరూ గిన్నె వంక గుడ్లప్పగించి చూస్తారు. పాలు గిన్నె ఎటు ఒరిగి ఉంటే అటే పొంగుతాయి. ఇటుకలు పేర్చేటప్పుడే తూర్పు పక్క కాస్త పల్లం ఉంచితే ఎవరికీ బెంగ ఉండదు. పొంగిన పాలు నిప్పు మీద పడి సగం మంట ఆరిపోతుంది. పక్కన నాలుగు పొడి పిడకలు సిద్ధంగా ఉంచుకోవాలన్నది ఇందుకే.

పొంగాక వడగట్టిన బియ్యం పోసి, చెక్కు తీసిన చెరుకు ముక్కతో కలపాలి. గరిట కంటే ఇది నెమ్మది, అయినా వాసనా రుచీ వేరు. నైవేద్యం కాబట్టి రుచి చూడకూడదు. మెతుకు రెండు వేళ్ళ మధ్య నలిపితే పలుకు లేకుండా మెదగాలి. పలుకు ఉండగానే బెల్లం వేశారో, ఆ మెతుకు ఇక ఉడకదు, ఎంతసేపు ఉంచినా బిరుసుగానే ఉంటుంది. మెత్తబడ్డాక కూడా మరిగే పాలల్లో బెల్లం వేయొద్దు. బెల్లంలోని పులుపుకు పాలు విరుగుతాయి. గిన్నె దించి, పదినిమిషాలు ఆగి, పావుగ్లాసు నీళ్ళలో కరిగించి వడగట్టి చల్లార్చిన బెల్లం పాకం పోసి కలపాలి. వడగట్టకపోతే పంటికింద ఇసుక తగులుతుంది, అనకాపల్లి బెల్లమైనా సరే. చివర నెయ్యి, యాలకుల పొడి. జీడిపప్పు, కిస్మిస్ వేసేవాళ్ళు వేస్తున్నారు గానీ, పిడక పొగ, చెరుకు, చిక్కుడాకు కలిసి తెచ్చే వాసన ముందు అవి అనవసరం.

చిక్కుడాకులు ఏడు, కడిగి తుడిచి, రథం ముందు పరిచి, ఒక్కోదాని మీద చెంచాడు పరమాన్నం. పల్చగా ఉంటే ఆకు మీద నిలవదు, గట్టిపడేదాకా కాసేపు ఆగాలి. ఆకు వేడికి వాడి, ఆ పచ్చివాసన అన్నానికి పడుతుంది. తర్వాత రాగిచెంబులో నీళ్ళు, ఎర్రపువ్వు, అక్షతలు వేసి తూర్పుముఖంగా అర్ఘ్యం:

సప్తసప్తివహప్రీత సప్తలోకప్రదీపన |
సప్తమీసహితో దేవ గృహాణార్ఘ్యం దివాకర ||

డాబా మీదైతే నీళ్ళు పళ్ళెంలో పడేలా వదిలి, తర్వాత మొక్కకు పోయాలి. తీరిక ఉన్నవాళ్ళు ఆదిత్యహృదయం మూడుసార్లు చదువుతారు. యుద్ధభూమిలో అగస్త్యుడు రాముడికి చదవమని చెప్పిందీ మూడుసార్లే. ఆఫీసుకు పరుగెత్తేవాళ్ళకు మిత్ర, రవి, సూర్య, భాను నుంచి భాస్కరుడి దాకా పన్నెండు నామాలతో పన్నెండు నమస్కారాలు, ఐదు నిమిషాల పని. చిత్రగుప్తుడి నోము, ఉదయకుంకుమ నోము పట్టదలుచుకున్న ఆడవాళ్ళు చాలామంది ఈ రోజే మొదలుపెడతారు.

ప్రసాదం ఇంట్లోవాళ్ళు ఆకుతోనే అందుకుంటారు. షుగరున్న పెద్దవాళ్ళకు ఒక్క ఆకు మీది చెంచాడు చాలు, కాదనకుండా పెట్టాలి. మిగిలిన పరమాన్నం పాలతో చేసింది కాబట్టి మధ్యాహ్నంలోపే పంచేయడం మంచిది. రథం ఆ పూట కదపరు. మర్నాడు దారం, ఈనెలు విప్పి కాయలు తులసికోటలో కాకుండా వేరే మొక్క మొదట్లో వేస్తారు, తులసి మట్టిలో అవి కుళ్ళితే చీమలు పడతాయి. పిడకల బూడిద పూర్తిగా చల్లారాక జల్లించి డబ్బాలో పోసి ఉంచుకోండి. చిక్కుడు పాదుకు పేనుబంక పట్టే రోజులివే. పొద్దున్నే ఆకు మంచుతో తడిగా ఉన్నప్పుడు ఈ బూడిద చల్లితే అంటుకుని నిలుస్తుంది.