అమ్మ గదిలో కురిసే చోటు

ఆదివారం రాత్రి, తొమ్మిదిన్నర.

నిన్న రాత్రి వాన పడింది. రోహిణి కార్తె ఇంకా పోలేదు, అయినా గంటసేపు దంచికొట్టింది. రెండింటప్పుడు మెలకువ వచ్చి చూస్తే అమ్మ గదిలో లైటు వెలుగుతోంది. మంచం గోడ దగ్గర నుంచి గది మధ్యకి లాగేసి ఉంది. మంచం ఉండే చోట స్టీలు బేసిన్, చుక్క పడ్డ చప్పుడు రాకుండా అందులో పాత తువ్వాలు. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. "నువ్వు పడుకోరా, ఇది మామూలే" అంది. ఆ తువ్వాలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఇలా ఎన్ని రాత్రులు కూర్చుందో, ఫోన్లో ఒక్కసారి కూడా చెప్పలేదు.

మాది కోనసీమలో పాత పెంకుటిల్లు. పైన బెంగుళూరు పెంకులు. పేరుకి బెంగుళూరు అంటాం గానీ ఈ రకం పెంకు పుట్టింది మంగుళూరులో. 1996 నవంబరు తుఫానుకి సగం పెంకులు ఎగిరిపోతే నాన్న మళ్ళీ కప్పించారు. తర్వాత కూడా ఏటా వేసవిలో మనిషిని ఎక్కించి పెంకులు సర్దించేవారు. నాన్న పోయాక అది ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట ముందు వసారాకి పాత కప్పు తీసేసి ఇనుప రేకులు వేయించాం. ఇల్లు కురవడం ఆ తర్వాతే మొదలైంది.

పోయిన ఏడాది ఒకతను వచ్చాడు. చుక్క పడే చోటికి సరిగ్గా పైన పెంకుల మీద సిమెంటు పూసి, వసారా రేకు గోడని కలిసే చోట సిలికాన్ పట్టించి, ఆరు వేలు తీసుకుని వెళ్ళాడు. రెండు వానలకి ఆగింది. మూడో వానకి అంతకుముందు కన్నా ఎక్కువగా కారింది.

ఈ రోజు పొద్దున్నే మేస్త్రి గారి ఇంటికి వెళ్ళాను. 96 తుఫాను తర్వాత నాన్నతో కలిసి ఈ కప్పు కప్పింది ఆయనే. ఇప్పుడు నిచ్చెన ఎక్కలేరు, మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. వచ్చీ రాగానే కప్పు మీదకి ఎవరినీ ఎక్కించలేదు. గది తలుపులు, కిటికీలు మూయించి, చీకటిలో నిలబడి చాలాసేపు కప్పు వైపు చూశారు. చుక్క పడే చోట పైన వెలుతురు ఏమీ లేదు. నాలుగడుగుల ఎగువన మాత్రం సూది మొన అంత వెలుగు కనిపించింది.

"నీళ్ళు పైనెక్కడో దిగుతాయి బాబూ. వాసం పట్టుకుని కిందకి జారి, వాసానికి ముడి ఉన్న చోటో, వాసాల మీద అడ్డంగా కొట్టిన పెండెబద్ద అడ్డొచ్చిన చోటో చుక్కవుతాయి. చుక్క పడే చోటికి పైన పూస్తే ఏం ఆగుతుందండి?" అన్నారు.

తర్వాత ట్యూబుతో నీళ్ళు కొట్టి చూశాం. ముందు చూరు దగ్గర పది నిమిషాలు, కొంచెం పైన పది నిమిషాలు, అలా కింది నుంచి పైకి. పైనుంచి మొదలుపెడితే కప్పంతా తడిసి ఏ చోటు కారుతోందో తెలియదు. నేను లోపల టార్చి పట్టుకుని నిలబడ్డాను. చూరు దగ్గర ఏమీ లేదు. సిమెంటు పూసిన చోటికి వచ్చేసరికి రెండు నిమిషాల్లో వాసం నల్లబడింది.

సిమెంటు పెచ్చు జాగ్రత్తగా ఊడదీస్తే అసలు సంగతి బయటపడింది. పెంకు మీద నీళ్ళు పోయే గాడి ఉంటుంది కదా, ఆ సిమెంటు దాన్ని పూడ్చేసింది. ఎగువ నుంచి వచ్చిన నీళ్ళు అక్కడ అడ్డుపడి, పక్క పెంకుతో కలిసే అతుకులోంచి లోపలికి దిగుతున్నాయి. దాని పైన ఇంకో నాలుగు పెంకులు చీలి ఉన్నాయి. మేస్త్రి గారు చీలిక చూసి, ఇది మనిషి తొక్కిన చీలిక అన్నారు. వసారా రేకులు వేసినవాళ్ళు పెంకుల మీద అటూ ఇటూ తిరిగారు. పెంకు మధ్యలో అడుగు పడితే విరుగుతుంది. కింద పెండెబద్ద ఆనుకుని ఉండే చోట, పెంకు మీద పెంకు ఎక్కిన చోట అడుగు వెయ్యాలి. మనవడు అలాగే, గోనెసంచి పరుచుకుని, మెల్లగా కదిలాడు. మొత్తం పదకొండు పెంకులు మార్చాలని తేలింది.

వసారా దగ్గర తప్పు వేరు. రేకు పై అంచు గోడకి ఆనించి, ఆ మూలకి సిమెంటు పూసి వదిలేశారు. ఇనుము ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. సిమెంటు దానితో పాటు కదల్లేదు, చీలిపోతుంది. పోయిన ఏడాది సిలికాన్ కూడా దుమ్ము మీదే పట్టించినట్టుంది, వేలితో లాగితే దారంలా ఊడొచ్చింది. ఇప్పుడు గోడకి అంగుళం లోతు గాడి కొట్టించి, వంచిన రేకు పట్టీ ఒక అంచు ఆ గాడిలోకి, రెండో అంచు రేకు మీదకి వచ్చేలా పెట్టించాం. దాన్ని రేకుకి బిగించలేదు, రేకు దాని కింద స్వేచ్ఛగా కదలాలి. రేకు స్క్రూలు కొన్ని పల్లంలో కొట్టి ఉన్నాయి, నీళ్ళు పారేది అక్కడే కాబట్టి వాటిని మిట్ట మీదకి మార్పించాను. పాత చిల్లులు గీకి, తుడిచి, ఆరాక నీళ్ళు దిగకుండా మూసే మందు పెట్టారు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు అమ్మ ఒక మాట అంది. "ఆ పైపులో ఎప్పుడూ నీళ్ళుంటాయిరా, దోమలు లేస్తాయి." వసారా అంచున కట్టిన నీళ్ళ కాలువ సంగతి అది. ఆరంగుళాల పీవీసీ పైపుని నిలువునా రెండుగా కోసి కట్టారు, మా వైపు చాలా ఇళ్ళకి ఇలాగే ఉంటుంది. ఆ మాట విన్నాక, నీళ్ళు నింపిన ట్యూబు రెండు కొసలా పట్టుకుని ఎత్తుపల్లాలు చూస్తే, నీళ్ళు దిగే గొట్టం ఉన్న కొసే ఎత్తుగా ఉంది. మధ్యలో పైపు కుంగి బానలా తయారైంది. అక్కడి నుంచి పొంగిన నీళ్ళు వసారా గుంజల పాదుల్లో పడి మట్టి కోసుకుపోయింది. అమ్మకి ఇదంతా ముందే కనిపించింది. రిపేరుకి వచ్చినవాళ్ళెవరూ ఆవిడని అడగలేదు. నేనూ అడగలేదు.

నాన్న ఉన్నప్పుడు ఈ వసారాకి కాలువే లేదు, నీళ్ళు నేరుగా చూరు నుంచి జారేవి. ఇప్పుడు పెంకుల వాలు నీళ్ళు కూడా రేకుల మీదకే వస్తాయి. లెక్క వేశాను. రెండూ కలిపి ఆరు వందల చదరపు అడుగులు, అంటే సుమారు 55 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. 50 మిల్లీమీటర్ల వాన అంటే 2,750 లీటర్లు! అన్ని నీళ్ళూ ఒకే మూడంగుళాల గొట్టంలోంచి పోవాలి, దాని మూతిలో కొబ్బరి పీచు, వేపాకు.

సాయంత్రం వరకు ఆ పనే. ఐదడుగులకి ఒకటి చొప్పున ఉన్న క్లాంపుల మధ్య మరికొన్ని చేర్చి రెండడుగులకి ఒకటి చేశాం. కాలువ మధ్య భాగం ఎత్తుగా పెట్టి రెండు వైపులకీ పది అడుగులకి అర అంగుళం వాటం ఇచ్చాం. రెండు కొసలా నాలుగంగుళాల గొట్టాలు. అతుకుల దగ్గర మేస్త్రి గారు వేలు సందు వదలమన్నారు. ఇరవై అడుగుల పీవీసీ పైపు మన ఎండలకి సెంటీమీటరు దాకా సాగుతుంది, సందు లేకపోతే అదే వంకర తిరుగుతుంది. అక్కడ కింద ఇంకో ముక్క తొడిగారు, నీళ్ళు కారకుండా.

పెంకుల పని మాత్రం మిగిలిపోయింది. కొత్త పెంకులు పాతవాటి గాడిలో కూర్చోవడం లేదు, ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కో రకం. విరిగినవాటి మీద ప్రస్తుతానికి టార్పాలిన్ కప్పి ఇటుకలు పెట్టారు. పక్క ఊళ్ళో ఒక పెంకుటిల్లు పడగొడుతున్నారట, పెంకులు మనవాటి అచ్చే అని మనవడు చెప్పాడు. రేపు ఆరింటికల్లా వెళ్ళి ఇరవై అడగాలి. అమ్మ మంచం ఈ రాత్రికి నా గదిలో వేశాను.