పచ్చ అంటే ఏ పచ్చ?

ఇవాళ మా నర్సరీ పిల్లలకు ట్యాబ్‌లో రంగుల బొమ్మల ఆట పెట్టాను. అడిగిన రంగు బెలూన్‌ను ముట్టుకుంటే టప్పున పగిలి చప్పట్లు వస్తాయి. ‘పచ్చ బెలూన్ ఏది?’ అంది ట్యాబ్. మా మూడేళ్ల బుడ్డోడు పసుపుపచ్చది నొక్కాడు. తప్పని బుర్రుమంది. మళ్లీ అదే నొక్కాడు, ఈసారి ఇంకా గట్టిగా.

వాడి తప్పేముంది? పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే! ‘ఆకుపచ్చ’ అని అడగొద్దా? (ఆ ఆట చేసినోళ్లు ఇంట్లో అమ్మమ్మను అడిగినా చెప్పేది.)

బతుకమ్మ రోజులు కదా, పొద్దున హనుమకొండ చౌరస్తాలో కొన్న తంగేడు బ్యాగులోనే ఉంది. పూలు ఒకవైపు, ఆకులు ఒకవైపు పోశాను. బుడ్డోడు పూలు గుప్పిట్లో పట్టుకుని ‘ఇది బతుకమ్మ పచ్చ, టీచర్’ అన్నాడు.

రేపు గునుగు పూలు తీసుకెళ్లాలి. తెల్లగా ఉంటాయి, ఏ రంగులో ముంచాలో వాళ్లే చెప్తారు.