డు, ము, వు, లు వచ్చాయి, మాట రాలేదు

పోయినేడాది సంక్రాంతి సెలవులయ్యాక ఒక సాయంత్రం పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. చేతిలోంచి ఎర్ర పెన్ను జారిపోయింది. తీసుకుందామంటే కుడిచెయ్యి లేవలేదు. మా ఆయన్ని పిలవబోతే "బ... బ..." తప్ప ఏమీ రాలేదు.

"గ్యాస్ అయ్యుంటుంది, సోడా పట్టండి" అన్నారు ఒకరు. మూతి వంకర చూసి, ఫలానా ఊళ్ళో పసరు మందు వేస్తారన్నారు ఇంకొకరు. కారు అటు తిరిగింది. అక్కణ్ణుంచి ఆస్పత్రికి చేరేసరికి ఆరు గంటలు దాటిపోయింది. నాకొచ్చింది పక్షవాతం. మెదడు నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలట, ఆ సంగతి మాకు ఆస్పత్రి గుమ్మంలో తెలిసింది. పసరు మందు చెప్పినాయన నా మంచి కోరే చెప్పారు. అయినా ఆయన ఎదురైతే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

స్కాన్లు, సెలైన్ల గురించి చెప్పేదేముంది. మెదడు ఎడమ పక్కకి రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోయింది. అందుకే కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి, మాట పడిపోయింది. రెండో రోజు రౌండ్స్‌కి వచ్చిన కుర్ర డాక్టరు నా మంచం పక్కనే నిలబడి మా అమ్మాయితో, "ఆవిడకేం అర్థం కాదులెండి, మతి పోయినట్టే" అన్నాడు. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. ఇరవై ఆరేళ్ళు పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని, "కాదులెండి" అని ఎంత తేలిగ్గా తీసిపారేశాడో అదీ అర్థమైంది. కాదని చెప్పడానికి నోరు లేదు. మంచం పట్టీని ఎడమచేత్తో కొట్టాను. "చూశారా, తిక్కతిక్కగా చేస్తున్నారు" అన్నాడు.

నాలుగో రాత్రి సంగతి రాయడానికి ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. ముక్కులో గొట్టం ఉంది, పాలూ మందులూ అందులోంచే. పెదాలు ఎండి అట్టకట్టాయి. నీళ్ళ సీసా వైపు చూశాను. మా ఆయన పాపం, నైట్ డ్యూటీలో ఉన్నవాళ్ళని అడిగారు. "డిస్ఫేజియా ఉందండీ, జాగ్రత్త" అన్నారు. మొదటిరోజు ఇంకో డాక్టరు అచ్చం అలాగే వినిపించే మాటే చెప్పి, అంటే మాట రాకపోవడమని వివరించారు. ఇదీ మాట గురించే అనుకుని, ఈయన రెండు చెంచాల నీళ్ళు నా నోట్లో పోశారు.

నీళ్ళు కడుపులోకి పోలేదు. గొంతులో ఎక్కడో తలుపు తెరిచి వదిలేసినట్టు నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారాయి. గట్టిగా దగ్గే శక్తి కూడా లేదు. గురగురమని చప్పుడు, కళ్ళముందు ట్యూబ్‌లైటు నీలంగా మారింది. ఈయన "నర్సమ్మా, నర్సమ్మా" అని వరండాలో పరిగెత్తడం వినిపిస్తోంది. ద్వారకా తిరుమల వెంకన్నకి దణ్ణం పెట్టుకుందామంటే రెండు చేతులూ కలవలేదు. ఒంటిచేత్తోనే పెట్టాను. గొట్టంపెట్టి లాగింది ఆ నర్సమ్మ. తెల్లారేసరికి జ్వరం, నెమ్ము. ఇంకో పదకొండు రోజులు ఆస్పత్రి. ఆ నర్సమ్మకి నా ప్రాణం బాకీ.

తర్వాత తెలిసింది, అవి రెండు వేరు మాటలు. ఒకటి మాటకి సంబంధించిన డిస్ఫేసియా, ఇంకోటి మింగడానికి సంబంధించిన డిస్ఫేజియా. మన చెవికి రెండూ ఒకటే. ఈ గందరగోళం డాక్టర్లకీ ఉంది కాబట్టే మాట జబ్బుని ఇప్పుడు ఎక్కువగా అఫేసియా అంటున్నారు. ఇది నాకు చెప్పింది స్పీచ్ థెరపీ అమ్మాయి. ఆ అమ్మాయే మొదటిసారి నావైపు చూసి, నాతో మాట్లాడింది. "మేడమ్, మీ తెలివి ఎక్కడికీ పోలేదు. మాట బయటికొచ్చే దారి మూసుకుంది" అంది. ఎంత ఏడ్చానో.

ఒక్కో పదం విప్పి చెప్పేది. అఫేసియాలో ముందున్న "అ" మన నఞ్ తత్పురుషలో "అ" లాంటిదే, అసత్యం, అన్యాయం అన్నట్టు. "డిస్" మన "దుస్"కి చుట్టమే. ఇది విన్నాక ఫైల్లో పదాలంటే భయం తగ్గింది. డిసార్థ్రియాలో భాష బాగానే ఉంటుంది, నాలుకా పెదాలూ సహకరించక మాట ముద్దగా వస్తుంది. అప్రాక్సియాలో కండరాలకి బలం ఉన్నా వాటిని ఏ వరసలో కదపాలో మెదడు చెప్పలేదు. హెమి అంటే ఒక పక్క, ప్లీజియా అంటే పూర్తిగా పడిపోవడం, పరేసిస్ అంటే బలం తగ్గడం. నా కాగితంలో హెమిప్లీజియా కొట్టేసి హెమిపరేసిస్ అని రాసిన రోజు మా ఇంట్లో పాయసం వండారు.

అఫేసియాలో నాది బ్రోకా రకం. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" అన్న ఒక్క మాటే పలకగలిగే రోగి చనిపోయాక మెదడు పరిశీలించి, దెబ్బ ఎడమ పక్క ముందుభాగంలో ఉందని చెప్పాడు. నా "బ... బ..." గుర్తొచ్చింది. థెరపీ గదిలో ఒక పెద్దాయన దీనికి ఎదురు, గడగడా మాట్లాడతారు, మాటకీ మాటకీ పొంతన ఉండదు, మనం చెప్పింది ఎక్కదు. అది వెర్నికే రకం. గాలి సోకిందని ఇంట్లోవాళ్ళు ఆయనకి తాయెత్తు కట్టించారు.

ఒకరోజు ఆ అమ్మాయి దువ్వెన చూపించి పేరడిగింది. దువ్వెనని నాకు తెలుసు, నోట్లోంచి "గరిటె" వచ్చింది. మళ్ళీ "గరిటె". పోనీ నోటికొచ్చిన పాఠం ఏదైనా చెప్పండి అంది. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి. నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా..." షష్ఠి దాకా ఆగకుండా చెప్పేశాను. కంఠతా వచ్చినవీ, పాటలూ చాలామందికి ఇలా మిగులుతాయట. కానీ దాహమేస్తే "నేను... నీళ్ళు" అనే వచ్చేది. "కిన్, కున్" అప్పజెప్పగలను, "నాకు" అనలేను.

మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోతే, చెయ్యి పడిపోతే, మాట తడబడితే పసరు మందుకి వెళ్ళకండి, స్కాన్ ఉన్న ఆస్పత్రికి పరిగెత్తండి. డాక్టరు కొత్త పదం చెబితే మొహమాటపడకుండా "మాటకా, మింగడానికా?" అని అడగండి. మింగగలరో లేదో పరీక్ష చేసేదాకా చెంచా నీళ్ళు కూడా పోయకండి. రోగి పక్కన నిలబడి మతి పోయిందనకండి, వింటూ ఉంటారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి "నాకు నీళ్ళు కావాలి" అన్నాను. "కు" పలికింది. మా ఆయన చేతిలో గ్లాసు వణుకుతోంది. అప్పటికి నేను మామూలుగానే మింగుతున్నాను. అయినా గ్లాసు నా చేతికిచ్చి, "గడ్డం కిందికి వంచి తాగు" అన్నారు. వంచే తాగాను.