అమ్మ పాటలు, ఎనిమిది కోర్లు

ఈరోజు సెలవు. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చిన పని ముందేసుకున్నాను. అమ్మ ఇరవై ఏళ్ల సాధన రికార్డింగులు. ఏడాదికో ఫోల్డర్, మొత్తం 500 గంటలు, అన్నీ వేవ్ ఫైళ్లే, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచినవి. సీడీ నాణ్యతలో స్టీరియో నిమిషానికి పది ఎంబీ దాకా తింటుంది కాబట్టి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో 300 జీబీ పట్టేశాయి. ఎంపీ3 చేస్తే బాగా చిన్నవవుతాయి. కానీ అందులో పోయింది మళ్లీ రాదు. అమ్మ గొంతులో రవ్వంత పోయినా నాకు ఇష్టం లేదు. అందుకే ఫ్లాక్, శబ్దంలో ఏమీ పోకుండా కుదించే పద్ధతి.

మొదటి ఫోల్డర్ ఒక్కో ఫైలే చేస్తూ పోతే 12 నిమిషాలు పట్టింది. కంప్యూటర్ ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేయగల ఎనిమిది కోర్లలో ఒక్కటే పనిచేస్తోంది, ఏడు ఖాళీ. ఈ లెక్కన నాలుగు గంటలు! ఏ ఫైలుకీ మరో ఫైలుతో పని లేదు, కాబట్టి ఎక్స్‌ఆర్గ్స్ అనే కమాండ్‌తో ఒకేసారి ఎనిమిది ఫైళ్లు మొదలుపెట్టాను. నిమిషంన్నరలో అయిపోతుందనుకుంటే ఆరు నిమిషాలు తీసుకుంది. చూస్తే కోర్లు సగం సేపు ఎదురుచూస్తూనే ఉన్నాయి. తిరిగే డిస్క్‌ని ఎనిమిది చోట్ల నుంచి ఒకేసారి చదవమంటే దాన్ని చదివే హెడ్ అటూ ఇటూ పరిగెత్తడానికే సమయం పోతుంది. మూడో ఫోల్డర్‌కి నాలుగుకి తగ్గించి, కొత్త ఫైళ్లు కంప్యూటర్ లోపల తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీలోకి రాసేలా మార్చాను. మూడున్నర నిమిషాలు! నిజంగా ఎంత సంతోషం వేసిందో. మిగతావన్నీ అలాగే వదిలేశాను, గంట పైచిలుకులో అయిపోయాయి.

చివర్లో ఒక పొడవాటి కచేరీ ఫైలు ఒంటరిగా మిగిలింది. దానికి 2025లో వచ్చిన ఫ్లాక్ ప్రోగ్రామ్ 1.5 వెర్షన్ పనికొచ్చింది, అది ఒక్క ఫైలునే ఒకేసారి నడిచే చాలా థ్రెడ్లకు, అంటే పని ముక్కలకు, పంచగలదు. ఫ్లాక్ శబ్దాన్ని చిన్న చిన్న బ్లాకులుగా విడగొడుతుంది, ఏ బ్లాకుకు ఆ బ్లాకే, కాబట్టి పంచడం తేలిక. ఎంపీ3లో అలా కాదు, ఒక ఫ్రేము తన ముందు ఫ్రేముల్లో మిగిలిన చోటు కూడా వాడుకుంటుంది. మధ్యలో కోసి అతికించడం అంత తేలిక కాదు.

సాయంత్రం ప్రతి ఫైలునీ ఫ్లాక్‌లోని టెస్ట్ ఆప్షన్‌తో సరిచూశాను. కుదించేటప్పుడు అసలు శబ్దానికి లెక్కగట్టిన ఎండీ5, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య, ఫ్లాక్ ఫైల్లోనే ఉంటుంది, విప్పి చూసి దానితో పోలుస్తుంది. ఒక్కటీ తప్పలేదు. అయినా రెండో డిస్క్‌లో కాపీ పెట్టేదాకా వేవ్ ఫైళ్లు తీసెయ్యను.