గిటారు పడుకునే బొంత

ఒంగోలులోని మా ఇంటి వంటగట్టుకు బంగారు చుక్కల చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పరిచి ఉంది. వెలుతురు బాగా పడుతుందని, తొలిసారి తీగలు మార్చిన రోజున గిటారును నేరుగా దానిమీదనే పడుకోబెట్టాను. రాతికీ చెక్కకూ మధ్య చిక్కిన ఇసుక రేణువు ఒకటి వెనుక పలక మీద జానెడు గీత గీసింది. దానిని చూసినప్పుడల్లా ఇప్పటికీ ప్రాణం చివుక్కుమంటుంది.

ఆ తరువాత పాత భోజనాల బల్లను ఈ పనికి కేటాయించి, దానిమీద మూడంగుళాల స్పాంజి వేశాను. అది పొరపాటు. గిటారు అందులో కూరుకుపోయి, చేయి ఎటు నొక్కితే అటు ఒరిగేది. రబ్బరు చాప జారదు గాని, నైట్రోసెల్యులోజ్ లక్క పూత ఉన్న గిటారుకు అది ఎక్కువసేపు తగిలితే పూత మెత్తబడి మచ్చ పడుతుంది. అందుచేత రబ్బరు చాపను అడుగున పరిచి, దానిమీద మా అమ్మమ్మ నూలు చీరలతో కుట్టిన బొంతను నాలుగు మడతలు వేశాను. ఎన్నో ఉతుకులకు మెత్తబడిన ఆ నూలు అణుగుతుంది గాని కుంగదు.

అయితే పరుపు కంటే మెడకు ఇచ్చే ఆనింపే ముఖ్యమని నా అభిప్రాయం. తల వెనక్కి వంగిన గిటారును బల్లమీద వెల్లకిలా పెడితే భారం తలమీద పడుతుంది. తల మెడను కలిసే ఆ సన్నని చోటనే, ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) కోసం తొలిచిన గాడి వల్ల, చెక్క బలహీనంగా ఉంటుంది. నేను గుడ్డసంచిలో బియ్యం నింపి, పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసి, మూడవ ఫ్రెట్ (మెడమీద అడ్డంగా ఉండే లోహపు కమ్మి) కింద ఉంచుతాను. బియ్యం మెడ గుండ్రదనానికి తగినట్లు సర్దుకుంటుంది కనుక తీగలు చుట్టేటప్పుడు గిటారు కదలదు. మెడ వంపును, తీగల ఎత్తును మాత్రం ఈ బల్లమీద కొలవకూడదు; ఆనింపు మెడను కొద్దిగా పైకి నెడుతుంది కాబట్టి, వాయించే భంగిమలో ఒడిలో పెట్టుకొని శ్రుతి చేసిన తరువాతనే కొలవాలి.

కత్తిరించిన తీగ కొసలను వెంటనే రేకు డబ్బాలో వేస్తాను. బొంత నేతలో సూదిలా దిగిన ఒక్క కొస చాలు, మరో గీత పడటానికి. అందుకే పని మొదలుపెట్టే ముందు బొంతను పెరట్లో రెండువైపులా దులిపి, అరచేతితో ఒకసారి నిమిరి చూసుకుంటాను.