టెర్మినల్ తెరవగానే వెన్వ్ దానంతటదే ఆన్ కావాలంటే

హన్మకొండలో మా పక్క రూముల్లో ఉండే ఇంజనీరింగ్ తమ్ముళ్లు తరచూ ల్యాప్‌టాప్ పట్టుకొని వస్తారు, "అన్నా, పాండాస్ నిన్ననే ఇన్‌స్టాల్ చేసిన, ఇయ్యాల మాడ్యూల్ నాట్ ఫౌండ్ అంటుంది" అని. పాండాస్ అనే ఆ పైథాన్ లైబ్రరీ ఎటూ పోలేదు, వెన్వ్‌లోనే (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా చేసుకునే పైథాన్ ఫోల్డర్) ఉంది. కోడ్ మాత్రం సిస్టమ్ పైథాన్‌తో నడుస్తోంది, అంతే.

వెన్వ్‌ను ఆన్ చేసే యాక్టివేట్ కమాండ్ రోజూ గుర్తుపెట్టుకొని కొట్టమని నేను ఎవరికీ చెప్పను, అది ఎడిటర్ చేయాల్సిన పని. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ వేసుకొని, ప్రాజెక్టు ఫోల్డర్ లోపలే వెన్వ్ చేసి, దానికి డాట్ వెన్వ్ అని పేరు పెట్టండి. కంట్రోల్ షిఫ్ట్ పీ నొక్కి సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్‌లో (ఏ పైథాన్ వాడాలో చెప్పే చోటు) ఆ వెన్వ్‌ను ఎంచుకుంటే ఆ ఫోల్డర్‌కు అదే గుర్తుంటుంది. కానీ ఆ తర్వాత కొత్త టెర్మినల్ తెరవాలి. ముందే తెరిచి ఉన్నది పాత పైథాన్‌నే పట్టుకొని కూర్చుంటుంది, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇంకోటి, అన్ని ప్రాజెక్టులున్న పెద్ద ఫోల్డర్‌ను కాకుండా ఆ ఒక్క ప్రాజెక్టు ఫోల్డర్‌నే తెరవండి, లేకపోతే లోపలెక్కడో ఉన్న వెన్వ్ ఎడిటర్‌కు కనపడకపోవచ్చు.

విండోస్‌లో పవర్‌షెల్ ఎర్రక్షరాలతో స్క్రిప్టులు నడపనివ్వనంటే టెన్షన్ పడకండి. ఎగ్జిక్యూషన్ పాలసీని (స్క్రిప్టులు నడపనివ్వాలా వద్దా అనే సెట్టింగ్) కరెంట్ యూజర్ వరకే రిమోట్ సైన్డ్‌కు మార్చండి, దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. కాలేజీ సిస్టమ్‌లో అదీ కుదరకపోతే డిఫాల్ట్ టెర్మినల్‌గా కమాండ్ ప్రాంప్ట్ పెట్టుకోండి, పని అయిపోతుంది.

అసలు యాక్టివేట్ చేసేది చాలా చిన్న పని: కమాండ్లను ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ అనే వేరియబుల్‌లో, మీ వెన్వ్ లోపల పైథాన్ ఉన్న ఫోల్డర్‌ను అన్నిటికంటే ముందు పెడుతుంది. అందుకే పైథాన్ అని కొట్టగానే మొదట అదే దొరుకుతుంది. యాక్టివేట్ కాకున్నా డాట్ వెన్వ్ లోపలున్న పైథాన్‌ను పూర్తి దారితో పిలిస్తే అంతే బాగా నడుస్తుంది, ఇది తెలిస్తే సగం భయం పోతుంది. ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లలో పేరు కనపడలేదని కంగారుపడేకంటే, పైథాన్‌లో సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేసి చూడండి, ఏ పైథాన్ నడుస్తోందో అదే చెప్తుంది.

వెన్వ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ల్యాబ్ నుంచి రూముకు తేవడం మాత్రం వద్దు. లోపలి స్క్రిప్టుల్లో పాత ఫోల్డర్ దారి రాసి ఉంటుంది, కొత్త చోట అవి పనిచేయవు. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (కావాల్సిన లైబ్రరీల జాబితా) ఒక్కటి తెచ్చుకొని ఇక్కడ కొత్త వెన్వ్ చేసుకోండి.